మస్తాన్ అన్న వద్దన్న వడ్డీ

పదేళ్ళుగా నా లోపల ఒక మాట ఉంది. మా ఆయనకు చెప్పలేదు. మా అక్కకు చెప్పలేదు. దేవుడి ముందు నిలబడ్డప్పుడు కూడా దాని చుట్టూ తిరిగి మిగతావన్నీ చెప్పుకున్నాను గాని, దాని దగ్గరికి మాత్రం రాలేదు. ఈమధ్య ఒకరికి చెప్పాను. చెప్పవలసిన మనిషికే చెప్పాను. చెబితే బరువు దిగుతుందనుకున్నాను. సగమే దిగింది. ఆ మిగతా సగం కోసమే మీకు రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు.

నేను డబ్బు కాజేయలేదు. చూశారా, తప్పు ఒప్పుకుందామని కూర్చుని కూడా మొదట నా తరఫునే మాట్లాడుతున్నాను. ఒక్క రూపాయి ముట్టుకోని మాట నిజమే. ఒక కాగితం మీద ఒక గడిలో ఉండాల్సిన టిక్కును ఇంకో గడిలో పెట్టాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు, ఏడాదికొకసారి, ఒక మనిషి ముఖంలోకి చూస్తూ అబద్ధం చెప్పాను.

తోటపల్లి గూడూరు వైపు, సముద్రానికి దగ్గర్లో ఒక రొయ్యల కంపెనీ ఉంది. చెరువుల నుంచి వచ్చిన రొయ్యల్ని వలిచి, గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది విదేశాలకు పంపుతారు. అందులో పనివాళ్ళ కాగితాలు చూడటం నా ఉద్యోగం. హాజరు, జీతాలు, సెలవులు, పీఎఫ్. ఇప్పటికీ అక్కడే చేస్తున్నాను. నెల్లూరు నుంచి పొద్దున కంపెనీ బస్సులో వెళతాను, సాయంత్రం అయిదున్నరకు అదే బస్సులో తిరిగొస్తాను.

ఆయన అసలు పేరు రాయను. మస్తాన్ అన్న అందాం. మా జిల్లాలో ఏ వీధిలో ఆ పేరు పెట్టి పిలిచినా ఇద్దరైనా పలుకుతారు కాబట్టి పర్వాలేదు. ఐస్ ప్లాంటులో ఆపరేటరు. పెద్ద పెద్ద కంప్రెసర్ల మధ్య, ముక్కు మండే అమ్మోనియా వాసనలో ముప్ఫయ్యేళ్ళు పనిచేశాడు. యంత్రం చప్పుడు కాస్త మారినా చెవితోనే పట్టేసేవాడు. నాకంటే పదహారేళ్ళు పెద్ద. నన్ను అమ్మా అనేవాడు. నేను అన్నా అనేదాన్ని. పిల్లలు లేరు. ఇంట్లో ఆయన, భార్య ఖైరూన్ అక్క, ఇద్దరే.

పదేళ్ళ కిందట కంపెనీ ఒక కొత్త పథకం తెచ్చింది. పీఎఫ్ కాక, రిటైరయ్యే నాటికి చేతికొచ్చేలా ఇంకొక పొదుపు. నెలనెలా మన జీతంలోంచి కొంత పట్టుకుంటారు. అంతే మొత్తం కంపెనీ కలుపుతుంది. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో మనమే చెప్పాలి. ఫారం మీద రెండు గడులు. ఒకటి బాండ్ల ఫండు. అంటే డబ్బును ప్రభుత్వానికో పెద్ద సంస్థలకో అప్పుగా ఇస్తారు, వడ్డీ వస్తుంది, పడిపోతుందన్న భయం తక్కువ. రెండోది షేర్ల ఫండు. అంటే వ్యాపారాల్లో వాటా కొంటారు, పెరిగితే పెరుగుతుంది, పడితే పడుతుంది. ఏటా ఏప్రిల్‌లో ఒకసారి అటునుంచి ఇటు మార్చుకోవచ్చు.

దాదాపు అందరూ ఫారం నా బల్ల మీద పెట్టి, ఏది మంచిదో నువ్వే పెట్టమ్మా అని సంతకం చేసి వెళ్ళిపోయారు. అందరికీ బాండ్లే పెట్టాను. కొద్దిమంది షేర్లు అడిగారు. అయితే ఆలోచించి ఎంచుకున్నది మస్తాన్ అన్న ఒక్కడే. ఫారం ఇంటికి తీసుకెళ్ళి మూడు రోజులు ఉంచుకున్నాడు. వాళ్ళ మసీదులో నమాజు చదివించే హజ్రత్‌ని అడిగాడట. అప్పుగా ఇచ్చి వడ్డీ తినడం మనకు కూడదు, వ్యాపారంలో వాటా పెట్టి లాభనష్టాలు రెండూ మోస్తే తప్పులేదు అన్నాడట ఆయన.

నాలుగో రోజు సంతకం చేసిన ఫారం నా బల్ల మీద పెట్టి, టిక్కు నన్నే పెట్టమని, “లాభమొస్తే తింటా, నష్టమొస్తే పడతా. వడ్డీ మాత్రం వద్దుమా,” అన్నాడు.

మరి పీఎఫ్‌లో వడ్డీ వస్తుంది కదన్నా అన్నాను. నవ్వులాటకే అన్నాను. ఆయన నవ్వలేదు. పీఎఫ్ మన చేతిలో లేదని, అది తప్పనిసరి కాబట్టి చేసేదేమీ లేదని, చేతికొచ్చిన రోజున ఎంత వడ్డీయో లెక్కగట్టించుకుని అంతా బీదాబిక్కీకి ఇచ్చేస్తానని చెప్పాడు. అది పుణ్యం కోసం ఇచ్చే దానం కూడా కాదట. మనది కానిదాన్ని వదిలించుకోవడమేనట. ఈ మాట గుర్తుంచుకోండి. ఎందుకంటే దీనివల్లే నా తప్పుకు సాకు లేకుండా పోయింది. తెలిస్తే ఏం చేయాలో ఆయనకు తెలుసు. తెలియనివ్వనిది నేను.

ఫారాలన్నీ కంప్యూటరులో ఎక్కించాల్సిన ఆఖరి రోజు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి చూసుకుంటే, షేర్లు అడిగిన వాళ్ళు ఇంకో కాగితం మీద కూడా సంతకం పెట్టాలి, నష్టమొస్తే బాధ్యత నాదే అని. మస్తాన్ అన్న చేత ఆ కాగితం మీద పెట్టించడం మర్చిపోయాను. తప్పు నాదే. ఆయనేమో ఆ రోజు సెలవు పెట్టి దొరవారిసత్రంలో ఉన్న చెల్లెలింటికి వెళ్ళాడు. కాగితాలు పూర్తికాని వాళ్ళను బాండ్లలో వేసెయ్యి, వచ్చే ఏడు మార్చుకుంటారు అన్నాడు మేనేజరు. ఒక్కరోజు గడువు అడిగితే ఇచ్చేవాడే. ఎందుకని అడిగేవాడు. సంతకం పెట్టించడం మర్చిపోయానని చెప్పాల్సి వచ్చేది. కనీసం మస్తాన్ అన్నకు ఫోను చేసి ఉండొచ్చు. అది కూడా చేయలేదు.

ఎందుకో చెబుతాను. మర్నాడు సంగంలో మా పిన్ని కూతురి పెళ్ళి. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో దర్జీ దగ్గర నా జాకెట్టు ఉంది. అయిదున్నర బస్సు తప్పితే దుకాణం మూసేస్తాడు. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉండి ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో. పిల్లకు జ్వరమో, ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి రావడమో. లేదు. ఆకుపచ్చ జాకెట్టు. బాండ్ల గడిలో టిక్కు పెట్టి, బస్సెక్కాను.

వచ్చే ఏప్రిల్‌లో మార్చేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. తీరా ఏప్రిల్ వచ్చేసరికి తెలిసింది, మార్చాలంటే మళ్ళీ ఆయన సంతకం కావాలి. అంటే ఏడాదిగా నీ డబ్బు వడ్డీలో ఉందన్నా అని చెప్పాలి. నోరు రాలేదు. పైగా అప్పటికే ఆయన ఏడాది చివర వచ్చిన కాగితం తెచ్చి చూపించాడు. అది ఇంగ్లీషులో ఉంటుంది. ఆయన తెలుగు చదువుతాడు, ఉర్దూ కూడబలుక్కుంటాడు. “అంతా నేను చెప్పినట్టే ఉండాది కదమా?” అని అడిగాడు. ఉందన్నా అన్నాను. తలకూడా ఎత్తలేదు. హాజరు పుస్తకంలో ఏదో రాసుకుంటున్నట్టు నటించాను.

మొదటి అబద్ధం అంత చిన్నది. ఒక్క మాట. రెండో ఏడు ఆ మాట మొదటి ఏటి అబద్ధాన్ని కూడా మోయాల్సి వచ్చింది. మూడో ఏడు రెండింటినీ. ప్రతి ఏప్రిల్‌కీ చెప్పడం ఇంకాస్త కష్టమవుతూ వచ్చింది. మరి నేను బాధపడ్డానా? నిజం చెప్పాలంటే మొదట్లో అంతగా పడలేదు. ఆయన పట్టింపు నాకు కాస్త చాదస్తంగా తోచేది. అందరూ తినే వడ్డీయే కదా, ఈయనకేమిటి అనుకునేదాన్ని. భద్రంగా ఉండే చోటే పెట్టాను, మేలే చేశాను అనుకునేదాన్ని. ఒకడి మనసుకు సంబంధించిన దాన్ని నా తూకంలో వేసి తూచే హక్కు నాకెవరిచ్చారు? ఆ ప్రశ్న అప్పట్లో రాలేదు.

కరోనా వచ్చిన ఏడు మార్కెట్టు పడింది. షేర్లు పెట్టుకున్న నలుగురైదుగురు తమ కాగితాలు చూసుకుని గొల్లుమన్నారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని నా కిటికీ దగ్గర వరసగా నిలబడి, ఎంత పోయిందో చెప్పమ్మా అని అడిగారు. ఆఖరున మస్తాన్ అన్న వచ్చాడు. అందరూ వెళ్ళేదాకా ఆగి వచ్చాడు. కాగితం మడత విప్పి బల్ల మీద పరిచాడు. ఆనాటి మాటలు ఒక్కటి కూడా మర్చిపోలేదు.

“అందరిదీ తగ్గిందంటమా. నాది తగ్గలేదేంది?”

నేను కాగితం చూస్తున్నట్టు చూశాను.

“పోయినేడు కంటే పెరిగుండాది. అంకెలు నాకు తెలుస్తాయి గదా. ఏందిది?”

అదే సమయం. చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ రాదు. ఆయన నోటితోనే అడిగాడు. గదిలో ఎవరూ లేరు. నేనేమన్నానో తెలుసా?

“మీ ఫండులో ఉన్నవి నిదానంగా పోయే కంపెనీలన్నా. గట్టివి. ఒక్కసారిగా లేవవు, ఒక్కసారిగా పడవు.”

“వడ్డీ కాదు గదా?”

“కాదన్నా.”

“నా మీద ఒట్టేమీ వద్దులే. నువ్వు చెప్తే చాలు,” అన్నాడు. గుండెల మీద చేయి వేసుకుని పైకి చూశాడు. “ఆయన దయ,” అన్నాడు. కాగితం మళ్ళీ మడిచి జేబులో పెట్టుకుని ప్లాంటులోకి వెళ్ళిపోయాడు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆయన వెళ్ళాక నాకు భయం వేయలేదు. గర్వం వేసింది. చూశావా, నేను మార్చబట్టే నీ డబ్బు నిలిచింది అనుకున్నాను. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పుడు ఒంటి మీద ఏదో పాకినట్టుంటుంది. తర్వాతి రెండేళ్ళలో మార్కెట్టు లేచింది. ఆ గొల్లుమన్న వాళ్ళ డబ్బు బాగా పెరిగింది, ఈయనది అట్లాగే నడిచింది. నాకు రాసింది ఇంతే అని సర్దుకున్నాడట. అంటే డబ్బు లెక్కన చూసినా నేను చేసిన మేలేమీ లేదు.

యాభై ఎనిమిది నిండాక రిటైరయ్యాడు. ఆఖరి రోజు రెండు లెక్కలు విడివిడిగా రాయించుకున్నాడు. పీఎఫ్‌లో వడ్డీ ఎంతో చెప్పమని అడిగి, ఆ మొత్తాన్ని అన్న మాట ప్రకారం ఇచ్చేశాడు. చెల్లెలి ఊళ్ళో ఎవరికో ఆపరేషనుకి, ఇంకెవరికో ఇంటి కప్పుకి ఇచ్చాడని విన్నాను. రెండో లెక్క, మా కంపెనీ పథకం డబ్బు, దాదాపు నాలుగు లక్షలు. అందులో పైసా తీయలేదు. అది వ్యాపార లాభం కదా. దానికి ఖైరూన్ అక్క గాజులు అమ్మిన డబ్బు, పీఎఫ్ అసలులో కొంత కలిపి, ఇద్దరూ మక్కాకు హజ్‌కు వెళ్ళారు.

వెళ్ళే ముందు కంపెనీకి వచ్చి అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు. వాళ్ళలో అది పద్ధతట. పొరపాటున ఎవరి మనసైనా నొప్పించి ఉంటే క్షమించమని ఒక్కొక్కరినీ అడగాలి. నా బల్ల దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు. నావల్ల ఏదైనా తప్పు జరిగుంటే మన్నించమ్మా అన్నాడు. ఈ డబ్బు శుద్ధమైన డబ్బు కాబట్టి వెళ్ళగలుగుతున్నానని, ఆ కాగితాలన్నీ నువ్వు సరిగ్గా చూసినందువల్లే అని చెప్పాడు. నేను లేచి నిలబడ్డాను. అయ్యో అన్నా, మీరేం తప్పు చేశారు అన్నాను. ఆ మాట వరకు నిజమే.

తిరిగొచ్చాక ఖర్జూరాలూ ఒక చిన్న సీసాలో మక్కా బావిలోని జమ్‌జమ్ నీళ్ళూ తెచ్చిచ్చాడు. ఖర్జూరాలు బల్ల సొరుగులో పెట్టి మర్చిపోయినట్టు నటించాను. చీమలు పట్టాక పారేశాను.

చెప్పాలా? చెబితే ఆయన చేసి వచ్చిన హజ్ మీద ఒక మరక వేసినట్టే కదా? సంతోషంగా ఉన్న మనిషిని ఎందుకు కదపడం? ఇట్లా రెండేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. దయ అని దానికి పేరు పెట్టుకున్నాను. అది దయో భయమో నాకు తెలుసు.

మొన్న ఆషాఢంలో ఒకమ్మాయి నా బల్ల ముందుకు వచ్చింది. ప్యాకింగులో సూపర్‌వైజరుగా కొత్తగా చేరింది. పేరు షబానా అందాం. దొరవారిసత్రం నుంచి వచ్చింది, మస్తాన్ అన్న చెల్లెలి కూతురు. చేతిలో అదే ఫారం. మామ మిమ్మల్నే అడగమన్నాడు, తనకు చేసినట్టే నాకూ చేయమని చెప్పమన్నాడు అంది. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, “నిదానంగా పోయే కంపెనీలంట కదా మేడమ్, వాటిలో వెయ్యండి,” అంది.

నా అబద్ధం ఇంకొకరి నోట్లోంచి నాకు వినపడింది. ఆ పిల్ల ఇంట్లో, మేనమామ ఇంట్లో, ఇంకా ఎన్ని ఇళ్ళలో అది నమ్మకంగా కూర్చుని ఉందో.

షేర్ల గడిలో టిక్కు పెట్టాను. రెండో కాగితం మీద అప్పటికప్పుడే సంతకం పెట్టించాను. అందులో ఏముందో, డబ్బు తగ్గినా తగ్గవచ్చని, పదం పదం తెలుగులో చదివి చెప్పాను. ఆ అమ్మాయి వెళ్ళాక మస్తాన్ అన్న పాత లెక్కలు తీశాను. ఆయన, కంపెనీ కట్టింది ఎంత, చివరికొచ్చింది ఎంత. తేడా లక్షా ఆరు వేల చిల్లర. ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆదివారం పొద్దున బ్యాంకులోంచి తీసిన లక్షా ఆరు వేలు సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

రిటైరయ్యాక ఇంటి ముందు వసారాలో పాత ఫ్రిజ్‌లు బాగుచేస్తున్నాడు. నన్ను చూసి సంతోషపడి, స్టూలు తుడిచి వేశాడు. షబానా పని చేసిపెట్టినావంట, చెప్పింది అన్నాడు. ఖైరూన్ అక్క లోపలికి టీ పెట్టడానికి వెళ్ళింది. ఆమె వచ్చేలోగా చెప్పాలి అనుకున్నాను. చెప్పాను. జాకెట్టు సంగతి కూడా చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను.

ఆయన చేతిలోని స్పానర్ కింద పెట్టాడు. ఫ్రిజ్ వెనక గొట్టానికి అంటిన నూనె గుడ్డతో తుడిచాడు.

“ఎప్పట్నించిమా?”

“మొదటినుంచీ అన్నా.”

“నేను అడిగినాను గదా,” అన్నాడు. గొంతు పెంచలేదు. “ఏడాది ఏడాదికీ అడిగినాను గదమా.”

సంచిలోంచి లెక్క రాసిన కాగితం తీశాను.

ఎంత అని అడిగాడు. కాగితం ఇచ్చాను. సంచి కూడా ముందుకు జరిపాను. ఆయన సంచి వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నీ డబ్బు ఇస్తే నాలోది పోదు, నా కష్టంలోంచి నేనే తీసెయ్యాలి అన్నాడు. క్షమించన్నా అన్నాను. ఆయన స్పానర్ మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. హజ్‌కు వెళ్ళే ముందు నా దగ్గర చేతులు జోడించిన రోజు ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చిందేమో. ఇంతలో ఖైరూన్ అక్క టీ తెచ్చింది. ఆయన ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, నెల్లూరులో ఎండలు ఈ ఏడు తగ్గేటట్టు లేవని ఏదో అన్నాడు. టీ తాగి, లేచి వచ్చేశాను. గుమ్మం దాకా రాలేదు. ఎప్పుడూ వచ్చేవాడు.

బస్టాండు వరకు నడిచాను. చాలా ఏళ్ళకు నడుము నిటారుగా పెట్టుకుని నడుస్తున్నట్టు అనిపించింది. ఆ తేలిక అబద్ధం కాదు. దాన్ని మీ దగ్గర దాచను. తప్పు చేసినదాన్ని, మాఫీ దొరకనిదాన్ని, అయినా ఊపిరి లోపలిదాకా వెళ్ళింది.

మూడు వారాల తర్వాత షబానా జీతం కాగితం తీసుకోవడానికి వచ్చి మాటల మధ్య చెప్పింది. మామ మళ్ళీ పనికి కుదిరాడట, హార్బరు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో. అరవై ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు. ఎందుకు మామా ఈ వయసులో అంటే ఊరికే ఉండలేక అంటాడట. అత్త పోట్లాడుతోందట. డబ్బుకు ఇబ్బందేమీ లేదు కదా మేడమ్, మీరైనా ఒకసారి చెప్పండి, మీ మాటంటే గౌరవం అంది.

అప్పుడు కదా అర్థమైంది, ఆ లక్షా ఆరు వేలు తన కష్టంతో సంపాదించి వదిలించుకోవాలనుకుంటున్నాడని. నేను దించుకున్న బరువు ఎక్కడికీ పోలేదు, ఆయన మీదికి వెళ్ళింది. చెప్పి మంచిపని చేశానా, చెప్పడం కూడా నా సుఖం కోసమేనా? చెప్పకపోతే ఆయన ఈరోజు వసారాలో కూర్చుని ఫ్రిజ్‌లు బాగుచేసుకుంటూ ఉండేవాడు. చెప్పకపోతే తనది కానిది తనలో ఉంచుకునే పోయేవాడు కూడా. ఏది పెద్ద అన్యాయమో ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోతున్నాను. తేల్చవలసిన మనిషిని నేను కాదని మాత్రం ఇన్నాళ్ళకు తెలిసింది.

నా పేరు ఆయన ఎక్కడా ఎత్తలేదు. భార్యతో అనలేదు, మేనకోడలితో అనలేదు, కంపెనీకి ఫిర్యాదు చేయలేదు. అది క్షమాపణ అని నేననుకోవడం లేదు. ఆయన కూడా అట్లా అనలేదు. కాని ఆయన దాచిపెట్టడంతో నేను మళ్ళీ మంచిదాన్నిగానే చెలామణీ అవుతున్నాను, ఆయన ఖర్చు మీద. అది భరించలేక ఈ కాగితాల మీద పెట్టాను.

మస్తాన్ అన్న రోజూ పొద్దున ఆరింటికి టిఫిను డబ్బా పట్టుకుని ఐసు ఫ్యాక్టరీకి వెళుతున్నాడు. ఎందుకు వెళుతున్నాడో వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు.